కంబళయ్య ఏతం పాట

అనగనగా ఒక అడవిలో... ఆగండాగండి, ఏ అడవి అని అప్పుడే అడక్కండి. సందు చివర కొట్టుకి పోయి ఉప్పు తెమ్మంటే దారి తప్పి పప్పుతో వచ్చే మనిషిని నేను. అడవికి దారి నన్నడిగితే ఏం చెబుతాను? అడవి ఉందని మాత్రం చెబుతాను. నమ్మేవాళ్ళు దగ్గరికి జరగండి. నమ్మనివాళ్ళు కూడా జరగండి, నేను అరవలేను, గొంతు బాగాలేదు. ఎప్పుడు బాగుంది గనక అంటారా? అదీ నిజమే. నేను జోల పాడితే తొట్లో ఉన్న పిల్ల లేచి కూర్చుని, "నాన్నా, ఇక నువ్వు పడుకో" అనేది. బహుశా అందుకే ఈ కథంటే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం.

సరే, ఆ అడవిలో ఒక వాగు. వాగు గట్టు మీద ఒక తోట. తోట జంతువులదే. ఎండాకాలం వచ్చిందంటే అడవిలో ఆకు రాలిపోతుంది, గడ్డి మాడిపోతుంది. వానలు పడేదాకా నమలడానికి ఏమీ ఉండదు. అందుకని వాటి తాతలెవరో బుద్ధిమంతులు గట్టు మీద నేల చదును చేసి, మళ్ళు కట్టి, తోట వేసిపోయారు.

వాగుకి దగ్గరగా ఉన్న మొదటి మడి అడవిపంది కోరయ్యది. అందులో చిలగడదుంపలు. నడిమి మడి తాబేలు డొప్పమ్మది. అందులో తోటకూర, బచ్చలి. అన్నిటికన్నా చివర, గుట్ట మొదట్లో ఉన్నది కుందేలు దూదమ్మ మడి. అందులో దోసపాదులు.

చిక్కేమిటంటే వాగు పల్లంలో ఉంది, తోట మెరకన ఉంది. నీళ్ళు తమంతట తాము పైకెక్కవు కదా. ఎవరో ఒకరు ఎక్కించాలి. అక్కడ ఎక్కించేది ఏతం.

మీరు ఏతం చూసి ఉండరు. బడి ఆవరణలో ఎక్కి దిగే బల్ల ఉంటుంది చూడండి, అలాంటిదే, దానికి తాత. పంగలకర్ర ఒకటి నేలలో పాతి, దాని మీద అడ్డంగా ఒక పొడుగాటి దూలం వేస్తారు. దూలానికి ఒక కొసన నీళ్ళ బాన వేలాడుతూ ఉంటుంది. దూలం మీద ఒకడు నిలబడతాడు. వాడు బాన వైపు నడిస్తే బాన వాగులోకి దిగుతుంది. వెనక్కి నడిస్తే బాన నీళ్ళతో పైకి లేస్తుంది. కింద ఇంకొకడు ఉండి బానని ముంచాలి, పైకి లేచాక తాడు లాగి దాన్ని కాలవలోకి ఒంపాలి.

పైన నడిచేవాడు ఎలుగుబంటి కంబళయ్య. మండు వేసవిలో కూడా ఒంటి మీది నల్ల కంబళి తీయడు గనక ఆ పేరు. తీద్దామన్నా రాదనుకోండి, అది వేరే సంగతి. కింద బాన పట్టేవాడు నీటికుక్క తుంగయ్య. పేరులో కుక్క ఉంది గానీ మొరగడం రాదు. మొలలోతు నీళ్ళలో రాయి మీద నిలబడి రోజంతా పనిచేసినా జలుబు చెయ్యని ఘటం. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. ఏ వరసన బావలో వాళ్ళకీ తెలియదు.

ఇప్పుడు వినండి. గట్టు ఎత్తుగా ఉంటుంది. పైనున్న కంబళయ్యకి కిందున్న తుంగయ్య కనపడడు. కిందున్న తుంగయ్యకి కంబళయ్య కనపడడు. మరి బాన ఎప్పుడు ముంచాలో, ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఒంపాలో ఎలా తెలుస్తుంది?

పాటే చెబుతుంది. కంబళయ్య పాడుతూ నడిచేవాడు.

*వాగు దాటి గట్టు ఎక్కి రావే నీళ్ళమ్మా*
*దుంప గొంతు ఎండిపాయె తాపవే నీళ్ళమ్మా*

మొదటి వరసకి అటు నడక. "నీళ్ళమ్మా" అని సాగదీసినంతసేపూ బాన మునుగుతుంది. రెండో వరసకి ఇటు నడక. మళ్ళీ "నీళ్ళమ్మా" దగ్గర తుంగయ్య బాన ఒంపుతాడు. బాన తప్పినా పాట తప్పదు, పాట తప్పితే బాన నిలవదు.

తోటలో కూడా అంతా పాట మీదే నడిచేది. మడి గట్టుకి ఒక గండి ఉంటుంది, దాన్ని మడవ అంటారు. మట్టి తీస్తే నీళ్ళు మడిలోకి వస్తాయి, మట్టి అడ్డం వేస్తే కాలవ వెంట ముందుకి పోతాయి. ఒక్కో మడికి ఒక్కో పాట. దుంపపాట సాగినంతసేపు కోరయ్య మడవ తెరిచి ఉంటుంది. తెరిచి ఆయన గట్టు మీద గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. పాట మారిందంటే, నిద్రలోనే కాలితో మట్టి తోసి మడవ మూసేవాడు. కళ్ళు కూడా తెరిచేవాడు కాదు.

*కూరమడిలో కూసుండి పోవే నీళ్ళమ్మా*
*ఆకు ఆకు మొగము కడిగి సాగవే నీళ్ళమ్మా*

ఇది డొప్పమ్మ పాట. దుంపపాట సగంలో ఉండగానే ఆవిడ ఇంటి నుంచి బయలుదేరేది. కూరపాట అందుకునేసరికి సరిగ్గా తన మడవ దగ్గరుండేది. ఆవిడ ఇంటికీ మడవకీ ఎంత దూరం అంటారా? మీరైతే ఒక్క గెంతు గెంతేవాళ్ళు.

చివరికి దూదమ్మ పాట.

*దూరమని అలిగిపోకే తల్లి నీళ్ళమ్మా*
*దోసపిందె దారి చూసె చేరవే నీళ్ళమ్మా*

ఆ పాట వినగానే దూదమ్మ పిల్లలు చెవులు నిక్కించి మడవ దగ్గరికి పరిగెత్తి వరసగా కూర్చునేవాళ్ళు. ఎండ నడినెత్తికి రాకముందే నీళ్ళు వాళ్ళ పాదులకి అందేవి.

ఇదంతా ఎన్నో ఏళ్ళుగా ఇలాగే జరుగుతోంది. అందుకని ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. ఊపిరి పీల్చడం గురించి మీరేమన్నా ఆలోచిస్తున్నారా ఇప్పుడు? చూశారా, నేననగానే మొదలుపెట్టారు.

ఒకరోజు ఆ అడవికి ఒక గోరింక వచ్చింది. పేరు మంజువాణి. అది పట్నంలో ఒక సంగీతం మేష్టారి ఇంటి చూరులో పుట్టి పెరిగింది. గుడ్డులో ఉండగానే సరళీ స్వరాలు విన్నది. మేష్టారు ఈమధ్య పెంకుటిల్లు తీయించి డాబా వేయించారు. డాబాకి చూరు ఉండదు కదా. పాపం గోరింకకి ఇల్లు పోయింది. అలా అడవి చేరి, వాగు గట్టున మద్దిచెట్టు మీద గూడు పెట్టుకుంది.

కొమ్మ మీద కూర్చుని అది తల పక్కకి వాల్చి ఏతం వైపు చూస్తుంటే కంబళయ్యకి ఎక్కడలేని హుషారు వచ్చింది. పట్నం చుట్టం, పైగా సంగీతం మేష్టారింటి నుంచి. ఆ పూట గొంతు ఇంకొంచెం పెంచాడు. లేని చోట ఒకటి రెండు సంగతులు కూడా వేశాడు. తుంగయ్య కింద నుంచి, "బావా, ఆ మెలికలేమిటి, బాన నీళ్ళు సగం నా నెత్తిన పడ్డాయి" అన్నాడు. కంబళయ్య వినిపించుకోలేదు.

పని అయ్యాక దూలం దిగి, చెమట తుడుచుకుని, మద్దిచెట్టు కిందికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"ఏది?" అంది మంజువాణి.

"అదే, మన పాట."

గోరింక చెడ్డది కాదు. కానీ అబద్ధం చెప్పడం దానికి ఎవరూ నేర్పలేదు.

"అది పాటా?" అంది. "నేను కర్ర కిర్రుమంటోందేమో, ఎవరూ చమురు వెయ్యరేమిటి అనుకున్నాను."

కంబళయ్య నవ్వాడు. గోరింక నవ్వలేదు. అప్పుడు ఆయన కూడా ఆపేశాడు.

"మీరు ఏమీ అనుకోకండి," అంది మంజువాణి. "శ్రుతి లేదు. గొంతు ఎండు తాటాకు ఈడ్చినట్టుంది. మా మేష్టారు ఒక మాట అనేవారు. పాట రానివాళ్ళు పాడకుండా ఉండడం కూడా సంగీతానికి చేసే సేవేనట."

ఆ మాట బాణంలా కాదు, ముల్లులా దిగింది. బాణమైతే పీకి పారేయొచ్చు. ముల్లు అడుగడుక్కీ గుచ్చుకుంటుంది. కంబళయ్య గుహకి నడిచి వెళుతుంటే అది గుచ్చుకుంటూనే ఉంది.

ఇంట్లో భార్య ఇప్పమ్మ తేనెపట్టు ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?" అందామె.

"నా గొంతు ఎలా ఉంటుందే?"

"నీ గొంతులా ఉంటుంది."

"అది కాదు. బాగుంటుందా?"

"పెళ్ళైన కొత్తలో ఉరుముతోందనుకుని బయట ఎండేసిన ఇప్పపువ్వు లోపలికి తెచ్చేదాన్ని," అంది. "తర్వాత అలవాటైంది."

ఆమె మురిపెంగానే అంది. కానీ ఆ రోజు కంబళయ్య చెవికి మురిపెం వినపడలేదు. ఇన్నేళ్ళూ అడవి అడవంతా నన్ను భరించిందన్నమాట అనుకున్నాడు. మనసులోనే ఒట్టు పెట్టుకున్నాడు. ఇక పాడను.

తెల్లవారింది. కంబళయ్య దూలం ఎక్కాడు. నోరు గట్టిగా మూసుకున్నాడు.

"పాట ఏది బావా?" అన్నాడు తుంగయ్య కింద నుంచి.

"పాట లేదు. పని చేద్దాం."

"జలుబా?"

"జలుబూ లేదు, ఏమీ లేదు. పని చెయ్యి."

చేశారు. కంబళయ్య అటు నడిచాడు, ఇటు నడిచాడు. తుంగయ్యకి బాన ఎప్పుడు దిగుతోందో తెలియలేదు. దిగిన బాన నెత్తికి తగిలింది. ఇదుగో ఇప్పుడు లేస్తుందని చేతులు వదిలితే లేవలేదు. లేవదనుకుని ఊపిరి తీసుకుంటుంటే లేచింది, సగం ఖాళీగా. ఒంపబోతే మళ్ళీ దిగిపోయింది, ఆయనతో సహా. బాన బరువు కూడా పెరిగినట్టుంది. ఎవరన్నా రాళ్ళు వేశారేమోనని కంబళయ్య వంగి చూశాడు. నీళ్ళే. రోజూ ఎత్తే నీళ్ళే.

తోటలో సంగతి ఇంకా ఘోరం. కోరయ్య అలవాటు చొప్పున మడవ తెరిచి నిద్రపోయాడు. పాట మారితే కదా మూయడానికి. వచ్చిన కాసిని నీళ్ళూ ఆయన మడిలోకే పోయి, గట్టు పొర్లి, ఆయన ముక్కులోకి కూడా పోయాయి. డొప్పమ్మ ఎప్పుడు బయలుదేరాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయింది. బయలుదేరాక దారి మధ్యలో, "తొందరపడ్డానేమో" అని వెనక్కి తిరిగింది. దూదమ్మ పిల్లలు మడవ దగ్గర కూర్చుని కూర్చుని, ఎండ నడినెత్తికి వచ్చాక లేచి వెళ్ళిపోయారు. దోసపాదులకి చుక్క నీరు అందలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చివరి మడిలో దోస ఆకులు గొడుగులు ముడిచినట్టు ముడుచుకున్నాయి. పువ్వులు రాలిపోయాయి. వేలెడంత పిందెలు పసుపుపచ్చగా తిరగడం మొదలుపెట్టాయి.

జంతువులన్నీ గట్టు మీద చేరాయి.

"నా దుంపలు కుళ్ళిపోతాయి," అన్నాడు కోరయ్య.

"నా కూర ఎండిపోతోంది," అంది డొప్పమ్మ.

"మీ ఇద్దరి నీళ్ళూ కలిపి సగం సగం పంచితే సరిగ్గా ఉంటుంది," అన్నాడు తుంగయ్య. ఆయన నెత్తి మీద బొప్పి కట్టి ఉంది. "బావా, బుద్ధిగా పాడు."

"నేను పాడను," అన్నాడు కంబళయ్య. "పాటే కావాలంటే పాట తెలిసినవాళ్ళున్నారు, అదుగో మద్దిచెట్టు మీద. అడగండి."

అడిగారు. మంజువాణి ఎంతో సంతోషించింది. అడవికి వచ్చాక దాన్ని ఎవరన్నా పాడమనడం అదే మొదలు. రెక్కలు సవరించుకుని, ఏతం పంగలకర్ర మీద వాలి, గొంతు సరిచేసుకుని మొదలుపెట్టింది.

ఏం పాట అనుకున్నారు. నేను ఎలా చెప్పను, నాకు దాన్ని పొగడ్డానికి కూడా జ్ఞానం చాలదు. వాగు చప్పుడు తగ్గించింది. గాలి ఆకుల్లో కూర్చుంది. ముందు ఆలాపన ఎత్తుకుంది. అది మెల్లగా పైకి పోయింది. ఇంకా పైకి పోయింది. అక్కడేదో బాగున్నట్టుంది, అక్కడే ఉండిపోయింది.

కంబళయ్య ఒక కాలు ఎత్తి నిలబడ్డాడు, మాట వస్తే అడుగు వేద్దామని. మాట రాలేదు. కింద తుంగయ్య బాన నీళ్ళలో పట్టుకుని నిలబడ్డాడు. కోరయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. డొప్పమ్మ దారిలో ఆగి మెడ చాపి కళ్ళు మూసుకుంది. కంబళయ్య కాలు తిమ్మిరెక్కింది. దించి ఇంకో కాలు ఎత్తాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి ఆలాపన ముగిసింది.

"అబ్బ," అన్నాడు కోరయ్య.

"జన్మ ధన్యమైంది," అంది డొప్పమ్మ.

కాలవ వంక చూస్తే తడి కూడా లేదు.

"ఇది ఆరంభమే," అంది మంజువాణి. "రేపు ఇంకా విస్తారంగా పాడతాను."

"తల్లీ," అన్నాడు తుంగయ్య చేతులు జోడించి, "పాట బంగారం. కానీ మాకు విస్తారంగా కావలసింది నీళ్ళు. కొంచెం అడుగుకి తగ్గట్టు పాడతావా?"

"అడుగుకి తగ్గట్టా?" అంది మంజువాణి. "మా మేష్టారింట్లో అందరూ కూర్చుని పాడేవారు. నడుస్తూ ఎవరూ పాడలేదు. నాకు అది తెలియదే." దాని మొహం చిన్నబోయింది. ఎగిరి మద్దిచెట్టు మీదికి పోయింది.

ఆ సాయంత్రం దూదమ్మ కంబళయ్య గుహకి వచ్చింది. తిట్టడానికి వచ్చిందేమోనని కంబళయ్య మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

"అన్నా," అంది దూదమ్మ, "ఆ పాట నాకు చెప్పు."

"నీకెందుకమ్మా?"

"నువ్వు పాడనంటున్నావు. గోరింకమ్మ పాట మన బానకి సరిపడలేదు. నాకూ ఒక గొంతుంది కదా. చిన్నదే అనుకో. రేపు నేనే గట్టు మీద నిలబడి పాడతాను. నీళ్ళు ఈ రెండు రోజుల్లో అందకపోతే పాదులు దక్కవు. పాదులు పోతే వానలు పడేదాకా పిల్లలకి ఏం పెట్టను?"

కంబళయ్య గోడ వైపే చూస్తూ గోళ్ళతో నేల గీశాడు.

"పిల్లలు పొద్దున లేస్తే ఒకటే అడుగుతున్నారు," అంది దూదమ్మ. "నీళ్ళమ్మ ఇంకా రాలేదేమే అని. వాళ్ళ లెక్కలో నీళ్ళమ్మంటే నీళ్ళు కాదు. నీ పాట. ముందు పాట వస్తుంది, దాని వెనకాల నీళ్ళు వస్తాయి. వాళ్ళు పుట్టినప్పటి నుంచీ అలాగే చూశారు."

"నా పాట బాగుండదమ్మా," అన్నాడు కంబళయ్య నెమ్మదిగా.

"బాగుంటుందని నేనెప్పుడన్నా అన్నానా?"

కంబళయ్య తల తిప్పి చూశాడు.

"మా ఆయన ముక్కు కూడా బాగుండదు," అంది దూదమ్మ. "వంకర. కానీ పొద్దున్నే ఆ ముక్కు కనపడకపోతే నాకు రోజు మొదలైనట్టే ఉండదు. నీ పాటా అంతే అన్నా. సరేలే, నువ్వు పాడొద్దు. నాకు చెప్పు చాలు."

కంబళయ్య పాట చెప్పాడు. పాడలేదు, మాటలు మాత్రం ఒక్కొక్కటే అప్పజెప్పాడు. దూదమ్మ చెవులు ఊపుతూ నేర్చుకుని వెళ్ళింది.

పొద్దున్నే వచ్చి గట్టు మీద నిలబడింది. కంబళయ్య దూలం ఎక్కాడు. తుంగయ్య బొప్పి తడుముకుని నీళ్ళలోకి దిగాడు. దూదమ్మ గొంతెత్తింది.

మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ కుందేలు కదండీ. కుందేలు వేగానికే పాడింది. వాగు దాటి గట్టు ఎక్కి అంటుండగానే దుంప గొంతు ఎండిపోయింది, అది ఎండేలోపలే కూరమడిలో కూసుండి లేచి పోయింది. కంబళయ్య అటు పరిగెత్తాడు, ఇటు పరిగెత్తాడు. ఇంత ఒళ్ళు వేసుకుని ఆ సన్నటి దూలం మీద పరిగెత్తడం చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆయనకి రాలేదు. దూలం ఊగిపోయింది. బాన గంతులు వేసింది. కింద నుంచి బుడుంగుమని ఒక చప్పుడు, తర్వాత తుంగయ్య దగ్గు వినపడింది.

"ఆపమ్మా తల్లీ," అన్నాడు కంబళయ్య రొప్పుతూ. "అది పాట కాదు, రేచుకుక్కలు తరిమితే పారిపోవడం."

"మరి నువ్వు ఇవే మాటలు చెప్పావు కదా అన్నా."

"మాటలివే. కానీ నీళ్ళమ్మా దగ్గర ఆగాలి. బాన అక్కడ మునుగుతుంది. మునగడానికి దానికి కాస్త తీరిక ఇవ్వాలి కదా. అమ్మా అన్నది అలా పోనివ్వాలి. ఇలా చూడు..."

చూపించడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఎదురుగా మద్దికొమ్మ మీద మంజువాణి కూర్చుని ఉంది. తల పక్కకి వాల్చి, ఆయన వైపే చూస్తోంది.

కంబళయ్య నోరు మూశాడు.

దూలం మీద నుంచి చూస్తే తోట అంతా కనపడుతుంది. చివరన, గుట్ట మొదట్లో, దోసపాదులు పచ్చదనం పోయి నేలకి అతుక్కుని ఉన్నాయి. మడవ దగ్గర దూదమ్మ పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. అమ్మ గొంతు విని వచ్చినట్టున్నారు. చెవులు సగం లేచి సగం వాలి ఉన్నాయి, నమ్మాలో వద్దో తెలియనట్టు.

కింద నుంచి తుంగయ్య మాట వినపడింది. ఎప్పుడూ వేళాకోళం ఆడే గొంతు కాదు అది.

"బావా," అన్నాడు. "నాకు ఇక్కణ్ణించి నువ్వు కనపడవు. పాట ఉన్నన్నాళ్ళూ ఇద్దరం కలిసి చేస్తున్నట్టుండేది. ఇప్పుడు ఈ నీళ్ళలో నేనొక్కణ్ణే ఉన్నట్టుంది."

కంబళయ్య ఇంకోసారి మద్దిచెట్టు వైపు చూశాడు. ఇంకోసారి దోసమడి వైపు చూశాడు. అటు చూపు ఇటు పడేసరికి కాలు ముందుకి పడింది. కాలు పడ్డాక నోరు ఆగలేదు.

*వాగు దాటి గట్టు ఎక్కి రావే నీళ్ళమ్మా...*

ఇన్ని రోజులు మూసి ఉంచిన గొంతు కదా, ముందు కీచుమంది. తర్వాత గరగరమంది. తర్వాత తన దారిన తాను పడింది. అదే ఎండు తాటాకు. అదే చమురు లేని కర్ర. బాన మెత్తగా మునిగింది. నిండుగా లేచింది. తుంగయ్య ఒంపిన నీళ్ళు కాలవలో గలగలమన్నాయి.

కోరయ్య మడవ తెరిచి, హాయిగా ఒళ్ళు విరుచుకుని, గట్టు మీద పడి గుర్రుపెట్టాడు. దుంపపాట సగానికి వచ్చేసరికి డొప్పమ్మ గుమ్మం దాటింది. కూరపాట అందుకోగానే నిద్రలోనే కోరయ్య కాలు కదిలింది, మట్టి మడవకి అడ్డం పడింది. నీళ్ళు కూరమడిలోకి తిరిగాయి, ఆకు ఆకు మొగము కడిగాయి. కంబళయ్య ఒళ్ళు తేలికైంది. బాన బరువు ఎక్కడికి పోయిందో తెలియలేదు.

*దూరమని అలిగిపోకే తల్లి నీళ్ళమ్మా...*

పిల్లల చెవులు నిలువునా లేచాయి. కాలవ చివర ఎండుటాకుల్ని తోసుకుంటూ, నురగలు కక్కుతూ, నీళ్ళు వచ్చాయి. పిల్లలు అందులోనే దొర్లారు. దూదమ్మ గట్టు దిగి పరిగెత్తి వచ్చింది గానీ వాళ్ళని తియ్యలేదు. పాదుల మొదళ్ళలో నీళ్ళు చుట్టూ తిరుగుతుంటే ముందు కాళ్ళతో మట్టి మెత్తగా సర్దుతూ, పిందెల్ని ఒక్కొక్కటే తాకి చూసుకుంది. కొన్ని పోయాయి. చాలావాటికి ప్రాణముంది.

ఈసారి కంబళయ్య ఎలా ఉందని మంజువాణిని అడగలేదు. పాటలో పడి దాని సంగతే మరిచిపోయాడు. అది మాత్రం నీళ్ళు పారుతుంటే బయటపడే పురుగుల కోసం కాలవ గట్టు మీదికి దిగింది. ఒక పురుగు తిన్నది. రెండోదాన్ని చూస్తూ చూస్తూ వదిలేసింది. కాలు తనకి తెలియకుండానే నేల మీద తాళం వేస్తోంది. కొంచెం సేపయ్యాక, ప్రతి వరస చివరా, "నీళ్ళమ్మా" అన్నచోట మాత్రం, మెల్లగా గొంతు కలిపింది. ఆ బొంగురు పాట మీద ఈ తీపి గొంతు రాగిసంకటి మీద నెయ్యి చుక్కలా పడింది.

"కూర్చుని పాడితే ఇది రాదు," అంది కోరయ్యతో. కోరయ్య నిద్రలో ఉన్నాడు గనక ఒప్పుకున్నట్టే.

దోసమడి నిండింది. దూదమ్మ మడవ మూసి, గట్టెక్కి కేకేసింది.

"అన్నా, చాలు. నిండింది. ఇక దిగు."

కంబళయ్య దిగలేదు. అటు నడిచాడు, ఇటు నడిచాడు.

"అన్నా, చాలంటున్నాను."

"ఇంకా చరణాలున్నాయమ్మా," అన్నాడు కంబళయ్య.

"అవెవరి మడికి?"

"ఎవరి మడికీ కాదు. ఊరికే."

"బావా, నా చేతులు పడిపోతున్నాయి," అన్నాడు తుంగయ్య కింద నుంచి. కానీ బాన ముంచుతూనే ఉన్నాడు. వేళాకోళం గొంతులోకి తిరిగొచ్చింది.

*ఎవరు పిలవకున్న గాని రావే నీళ్ళమ్మా*
*ఊరికే మాతోటి కాస్త ఆడవే నీళ్ళమ్మా*

ఆ ఎక్కువ నీళ్ళు దోసమడి దాటి, గుట్ట పక్కన ఎవరిదీ కాని బీడులోకి పారాయి. ఎవరూ ఏమీ నాటని నేల అది. కొన్నాళ్ళు పోయాక చూస్తే అక్కడ లేత పచ్చిక మొలిచింది. దాని మీద ఏవో పేరు తెలియని చిన్న పువ్వులు కూడా పూశాయి. దూదమ్మ పిల్లలు అక్కడ పల్టీలు కొట్టేవాళ్ళు. పని లేనప్పుడు కోరయ్య అక్కడే పడుకునేవాడు. డొప్పమ్మ కూడా వచ్చేది, పొద్దున బయలుదేరితే సాయంత్రానికి. ఇప్పమ్మ భర్తకి తేనె అక్కడికే తెచ్చిపెట్టేది.

అడవిలో మళ్ళన్నిటికీ ఎవరో ఒకరి పేరు ఉంది. దానికి మాత్రం అందరూ ఊరికే మడి అని పేరు పెట్టారు. ఆ ఎండాకాలమంతా అడవి మొత్తంలో అన్నిటికన్నా పచ్చగా ఉన్నది అదే.

నీతి: పాట మంచి గొంతున్నవాళ్ళ సొత్తు కాదు, పనిలోనూ, ఇంట్లోనూ, ఊరికే కూడా ఎవరి గొంతుతో వాళ్ళు పాడుకోవాలి, అది ఎవరి మడిని తడుపుతుందో పాడేవాళ్ళకే తెలియదు.